దివ్యాంగుల తోబుట్టువులకు ఆన్‌లైన్ గ్రూపులు: ఏ మాట ఎక్కడ చెప్పుకోవాలి?

మేధోవైకల్యం ఉన్న తమ్ముడితోనో, స్కిజోఫ్రేనియా ఉన్న అక్కతోనో కలిసి పెరిగినవారు ఏదో ఒక రాత్రి ఫోన్ తీసి, తమలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతుకుతారు. అలా వెతికించే సందర్భం అందరికీ ఒకటి కాదు. ఒకరికి పెళ్లిచూపులు దగ్గర పడి ఉంటాయి, ఇంకొకరి నాన్నగారికి స్టెంట్ వేసి ఉంటారు, మరొకరికి డాలస్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు అమ్మ చేతులు వణకడం కనిపించి ఉంటుంది. వెతికితే గ్రూపులు దొరుకుతాయి. అయితే అవన్నీ ఒకే పనికి పుట్టినవి కావు, ఒకచోట ఊరటనిచ్చిన మాటే ఇంకొకచోట ఇంట్లో గొడవ తెచ్చిపెడుతుంది. మా తమ్ముడికి ఇప్పుడు ఇరవై ఆరేళ్లు, మేధోవైకల్యంతో పాటు మూర్ఛ కూడా ఉంది. గత తొమ్మిదేళ్లలో నేను అయిదు రకాల గ్రూపుల్లో చేరి, రెండింటి నుంచి బయటికి వచ్చాను. ఆ అనుభవంతో చేస్తున్న పోలిక ఇది.

చేరకముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసినది, గ్రూపులో తల్లిదండ్రులు ఉన్నారా లేదా అన్నది. నేను చేరిన మొదటి గ్రూపు వాట్సాప్‌లో ఉండేది. మానసిక దివ్యాంగుల కుటుంబాల కోసం పెట్టిన ఆ గ్రూపులో 240 మంది ఉంటే, వారిలో తోబుట్టువులం పదిమందికి మించి లేము. ఒకనాడు తమ్ముడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చి సర్దుకున్నాక, రాత్రి పదకొండు గంటలప్పుడు, "అమ్మానాన్నల తర్వాత వీణ్ణి నేను చూసుకోగలనో లేదో నాకు తెలియడం లేదు" అని అందులో రాశాను. ఏడు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది: "అలా అనకూడదు తల్లీ, నువ్వు తప్ప వాడికి ఎవరున్నారు?" దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. గ్రూపులో ఉన్న ఒక పెద్దాయన నా నంబరు చూసి గుర్తుపట్టి, తెల్లవారగానే నాన్నకు ఫోన్ చేశారు. అమ్మ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ పెద్దాయనది దురుద్దేశం అని నేను ఎన్నడూ అనుకోలేదు. నేను రాసిన వాక్యం ఏదైతే ఉందో, అదే ఆ గ్రూపులోని ప్రతి తల్లికీ, తండ్రికీ నిద్రపట్టనివ్వని భయం. వారు జవాబు చెప్పింది నాకు కాదు, తమ భయానికి. కాబట్టి సమాచారం అడగడానికి తల్లిదండ్రులు ఉన్న గ్రూపు ఎంత మంచిదో, మనసులో మాట చెప్పుకోవడానికి అంత పనికిరానిది.

రెండోది, మీ పేరూ నంబరూ ఎవరికి కనిపిస్తాయన్నది. సాధారణ వాట్సాప్ గ్రూపులో మీ ఫోన్ నంబరు సభ్యులందరికీ కనిపిస్తుంది. టెలిగ్రామ్‌లో సెట్టింగులు మార్చుకుంటే నంబరు దాచుకోవచ్చు. ఫేస్‌బుక్ ప్రైవేటు గ్రూపులో మీరు రాసినది బయటివారు చదవలేరు గాని, లోపలివారికి మీ పేరు, ప్రొఫైల్ కనిపిస్తాయి. పేరు లేకుండా పోస్టు చేసే సౌకర్యం చాలా గ్రూపుల్లో ఉన్నప్పటికీ, ఆ పోస్టు ఎవరిదో అడ్మిన్లకు, మోడరేటర్లకు తెలుస్తుంది. రెడ్డిట్ అనే చర్చావేదికలో మారుపేరుతో రాయవచ్చు. గోప్యత గురించి ఆలోచించేటప్పుడు మనం మన సంగతే చూసుకుంటాం, కాని అక్కడ బయటపడేది తమ్ముడి జీవితం కూడా. అతని ఫొటో, అతను వాడే మందుల చీటీ, స్నానం చేయించేటప్పుడు జరిగిన సంగతి, ఇవేవీ పెట్టమని అతను మనకు చెప్పలేదు. పేరు, ఊరు, బడి తీసేసి కూడా సమస్యను వివరించవచ్చు.

మూడోది, అక్కడ ఏ దేశపు చట్టం నడుస్తుందన్నది. అమెరికన్ గ్రూపులో "మీ అన్నకు గ్రూప్ హోమ్ (వైకల్యం ఉన్నవారు సహాయకులతో కలిసి ఉండే ఇల్లు) వెయిటింగ్ లిస్టులో పేరు రాయించారా?" అని అడుగుతారు. మన దగ్గర అడగవలసిన ప్రశ్నలు వేరు: సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో ఎంత శాతం పడింది, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు వచ్చిందా, గార్డియన్‌షిప్ (చట్టబద్ధ సంరక్షణ బాధ్యత) కోసం కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చారా.

దీనికి ముడిపడి ఉన్నదే, గ్రూపు ఏ వైకల్యం గురించినది అన్న సంగతి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు అనే నాలుగింటికే వర్తిస్తుంది. ఆ చట్టం కింద పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తికి గార్డియన్‌ను నియమించేది జిల్లా స్థాయిలోని లోకల్ లెవెల్ కమిటీ. స్కిజోఫ్రేనియా, బైపోలార్ వంటి మానసిక అనారోగ్యాలు దాని పరిధిలోకి రావు. వైద్యానికి సంబంధించిన నిర్ణయాల్లో తోడుండే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను ఎంచుకునే వీలు 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఉంది, అది వేరే దారి. అన్ని వైకల్యాలనూ కలిపేసిన గ్రూపుల్లో, స్కిజోఫ్రేనియా ఉన్న అక్క గురించి అడిగిన అబ్బాయిని "కలెక్టరేట్‌లో ఫారం ఇవ్వు, అయిపోతుంది" అని పంపించిన సందర్భాన్ని నేను చూశాను. చెప్పినవారు తమ అనుభవం చెప్పారు, వారి అనుభవం ఆ అబ్బాయికి వర్తించలేదు.

ఇక గ్రూపును నడిపేవారి సంగతి. నియమాలు రాసి పైన పిన్ చేసి ఉన్నాయా, అమ్మకాలను ఆపుతున్నారా అన్నది మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఆటిజం గ్రూపుల్లో స్టెమ్‌సెల్ చికిత్స ప్రకటనలు తరచు వస్తుంటాయి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన బోర్డు 2022 డిసెంబరులోనే చెప్పింది. అటువంటి ప్రకటన రెండు రోజులైనా తొలగించకుండా ఉంచిన గ్రూపులో, మిగతా సలహాలకు ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోవచ్చు.

ఒక్క చూపులో

| గ్రూపు రకం | పేరు, నంబరు | తల్లిదండ్రులు | మన చట్టాలు, పద్ధతులు | ఎందుకు నప్పుతుంది |
|---|---|---|---|---|
| తల్లిదండ్రుల తెలుగు వాట్సాప్ గ్రూపు | అందరికీ కనిపిస్తాయి | ఎక్కువమంది వారే | బాగా తెలుసు | సదరం, పింఛన్, డాక్టర్లు, బడులు |
| సిబ్‌నెట్ వంటి తోబుట్టువుల ఫేస్‌బుక్ గ్రూపు | పేరు సభ్యులకు కనిపిస్తుంది | ఉండరు | తెలియవు | పెద్దవయసు తోబుట్టువుల అనుభవం |
| రెడ్డిట్‌లో మారుపేరు గ్రూపు | కనిపించవు | దాదాపు ఉండరు | తెలియవు | కోపం, అపరాధభావం చెప్పుకోవడం |
| సంస్థలు నడిపే వీడియో సమావేశాలు | ముఖం, పేరు కనిపిస్తాయి | ఉండరు | ఆ దేశపువి మాత్రమే | క్రమం తప్పని, నడిపించే మనిషి ఉన్న సంభాషణ |
| మనమే పెట్టుకున్న చిన్న గ్రూపు | నలుగురికి తెలుస్తాయి | ఉండరు | తెలుసు | పెళ్లి, ఆస్తి, గార్డియన్‌షిప్ |

తల్లిదండ్రుల తెలుగు గ్రూపులు

పైన అంత చెప్పాక కూడా, ఇటువంటి ఒక గ్రూపులో నేను ఇప్పటికీ ఉన్నాను. సదరం క్యాంపుకు ఏ రోజు స్లాటు తీసుకోవాలి, ఫలానా మూర్ఛ మందు విజయవాడలో దొరకకపోతే ఎక్కడ దొరుకుతుంది, పింఛన్ తనిఖీకి ఏ కాగితాలు పట్టుకెళ్లాలి వంటి ప్రశ్నలకు గంటలోపు జవాబు వచ్చే చోటు ఇంకొకటి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. మరుసటి ఏడాది ఆ పింఛన్లకు మళ్లీ వైద్య తనిఖీలు మొదలైనప్పుడు, నాన్నగారు రెండు రోజులు తిరిగి తెలుసుకోగలిగిన వివరాలు నాకు ఆ గ్రూపులోనే దొరికాయి. ఇక్కడ అడగవలసినది అడిగి, చదవవలసినది చదివి, నోటిఫికేషన్లను మ్యూట్‌లో పెట్టుకోవడం మంచిది. సొంత సంగతులకు ఇది చోటు కాదు.

పెద్దవారి ఫేస్‌బుక్ గ్రూపులు

ఈ రంగంలో పాత పేర్లలో ఒకటి సిబ్‌నెట్. అమెరికాలో డాన్ మేయర్ 1990లో మొదలుపెట్టిన సిబ్లింగ్ సపోర్ట్ ప్రాజెక్టుకు చెందిన ఈ గ్రూపు మొదట ఈమెయిల్ జాబితాగా నడిచి, తర్వాత ఫేస్‌బుక్‌కు మారింది. తోబుట్టువులు మాత్రమే ఉంటారు, వైకల్యం ఏదైనా కావచ్చు. అరవై ఏళ్ల చెల్లెలు, అరవై అయిదేళ్ల డౌన్ సిండ్రోమ్ అన్న గురించి రాసిన పోస్టు నేను మొదటిసారి చదివినది ఇక్కడే. మన దగ్గర ఆ వయసు వరకు నడిచిన కథలు ఎవరూ రాసిపెట్టలేదు గనుక, నాకు రాబోయే ముప్ఫై ఏళ్లు ఎలా ఉండవచ్చునో కొంతైనా ఊహించుకోగలిగింది ఆ పోస్టుల వల్లనే.

లోటు ఏమిటంటే, అక్కడివారికి "కలిసి ఉండడం" అన్నది ఎంచుకోదగిన మార్గాల్లో ఒకటి. మనకు చాలా ఇళ్లలో అది అసలు ప్రశ్నే కాదు. తమ్ముడు ఎవరి దగ్గర ఉంటాడన్నది మనకు అత్తింటివారితో, వదినతో, ఇంటి వాటాతో ముడిపడిన విషయం. దాన్ని ఇంగ్లీషులో వివరించి చెప్పేసరికి అడగాలన్న ఉత్సాహం పోతుంది. అందువల్ల ఈ గ్రూపును చదువుకోవడానికి ఎక్కువగా, రాయడానికి తక్కువగా వాడుకున్నాను.

మారుపేరుతో రాసే చోట్లు

తల్లిదండ్రుల చూపు తమ మీద ఆగకుండా, తమ గుండా దాటి అవతలి బిడ్డ మీద నిలిచిందని చెప్పుకునేవారు తమను "గాజు పిల్లలు" అని పిలుచుకుంటారు. ఇంగ్లీషులో గ్లాస్ చిల్డ్రన్ అంటారు. రెడ్డిట్‌లో ఆ పేరుతోనే ఒక గ్రూపు ఉంది. పదో తరగతి ఫలితాల రోజున ఇంట్లో ఎవరూ మార్కులు అడగలేదని, తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారని రాస్తే, అక్కడ "నువ్వు స్వార్థపరురాలివి" అని ఎవరూ అనరు. తెలుగులో ఆ మాట ఎక్కడ రాసినా ఎవరో ఒకరు అంటారు.

కాని ఈ చోటుకు తనదైన ప్రమాదం ఒకటి ఉంది. అక్కడ కోపం కోపాన్ని పెంచుతుంది, వారం రోజులు వరసగా చదివితే మన ఇల్లు కూడా అంత చెడ్డదేనని అనిపించడం మొదలవుతుంది. "బయటికి వచ్చెయ్యి, మాటలు మానెయ్యి" అన్న సలహా అక్కడ సులువుగా దొరుకుతుంది. ఎవరి ఇంట్లోనైనా కొట్టడం, హింస ఉంటే ఆ సలహా సరైనదే కావచ్చు. మిగతావారికి అది తమ జీవితానికి సరిపడని కొలత. గుండె బరువు దించుకోవడానికి వెళ్లి, పని అయ్యాక బయటికి వచ్చేసే చోటుగా దీన్ని చూడమంటాను.

వీడియో సమావేశాలు

బ్రిటన్‌లో 2001లో మొదలైన సిబ్స్ అనే సంస్థ అక్కడ నివసించే తోబుట్టువుల కోసమే పనిచేస్తుంది. 7 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం యంగ్‌సిబ్స్ పేరుతో వేరే సేవ కూడా నడుపుతోంది. లండన్‌లోనో, మాంచెస్టర్‌లోనో ఉంటున్న తెలుగువారు మొదట చూడవలసినది ఇదే. నెలకోసారి, నిర్ణీత సమయానికి, మాట తెగిపోకుండా చూసే మనిషి సమక్షంలో జరిగే సంభాషణకు, ఎవరు ఎప్పుడు చూస్తారో తెలియని పోస్టుకు చాలా తేడా ఉంటుంది.

ఇక్కడి నుంచి విదేశీ సమావేశాల్లో చేరాలనుకునేవారు ముందుగా గడియారం చూసుకోవాలి. న్యూయార్క్‌లో రాత్రి 8 గంటల సమావేశం మనకు వేసవిలో తెల్లవారి 5:30కి, చలికాలంలో 6:30కి పడుతుంది. లండన్‌లో రాత్రి 7 అంటే మనకు వేసవిలో రాత్రి 11:30, చలికాలంలో 12:30. రెండు గదుల ఇంట్లో, అమ్మ పక్కగదిలో మెలకువగా ఉండగా, అర్ధరాత్రి గుసగుసగా మాట్లాడి చూశాను. రెండోసారి చేరలేదు.

మనమే పెట్టుకునే చిన్న గ్రూపు

నా ఓటు దీనికే, అయితే ఇది తయారుగా దొరికేది కాదు. నలుగురు చాలు, ఆరుగురు దాటకూడదు. స్పెషల్ స్కూల్ వార్షికోత్సవంలో, ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ ఓపీ వరసలో, తమ్ముణ్ణో చెల్లెల్నో పట్టుకుని నిలబడిన మీ వయసువారు కనిపిస్తారు. ఆ పరిచయాల్లోంచే పుట్టిన మా గ్రూపు రెండు వారాలకొకసారి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు కలుస్తుంది. జూమ్ ఉచిత సమావేశం నలభై నిమిషాలకు ఆగిపోతుంది, మాకు ఆ నలభై నిమిషాలు సరిపోతాయి. నియమాలు రెండే: ఫొటోలు పంపకూడదు, అడగనిదే సలహా చెప్పకూడదు.

ఇక్కడ మాట్లాడుకునేవి వేరే గ్రూపుల్లో అడగలేనివి. సంబంధం వచ్చినవారికి తమ్ముడి సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పాలా, చూపుల రోజున చెప్పాలా? మా నలుగురిలో ముగ్గురం మొదటి ఫోన్‌లోనే చెప్పాం. ఒకరికి రెండు సంబంధాలు తప్పిపోయాయి, మూడోదాని నుంచి అబ్బాయి అమ్మగారే "మా చెల్లెలికి కూడా ఇలాగే ఉండేది" అన్నారట. ఇంటిని తమ్ముడి పేర రాయాలా, అన్న పేర రాసి చూడమనాలా? గార్డియన్‌ అయితే ఏమేం చేయాలి? నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం గార్డియన్‌గా నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలి, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా లెక్కలు చూపాలి. ఆ ఫైలు తెచ్చి తెర మీద తిప్పి చూపించిన మిత్రుడి వల్ల నాకు అర్థమైనంతగా, ఏ పత్రం చదివినా అర్థం కాలేదు. ఆదాయపు పన్నులో 80డీడీ సెక్షన్ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా వర్తించిందని, ఆధారపడిన తోబుట్టువుకు 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు పాత పన్ను విధానంలో ఉండేదని మాలో ఇద్దరికి అంతకుముందు తెలియనే తెలియదు.

చిన్న గ్రూపుకు బలహీనత కూడా చిన్నతనమే. ఒకరి ఇంట్లో కష్టం వస్తే మిగతా ముగ్గురి మీద బరువు పడుతుంది, ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే గ్రూపే ఉండదు. మా వాళ్లలో ఒకరు ఆరు నెలలు రాలేదు, ఎందుకని అడగడానికి కూడా మాకు మొహమాటం అడ్డొచ్చింది.

మీ పరిస్థితిని బట్టి

పెళ్లి, ఆస్తి, అమ్మానాన్నల తర్వాత ఏమిటన్న ప్రశ్నలు ముందున్నవారికి చిన్న తెలుగు గ్రూపు, దానికి తోడు సమాచారం కోసం తల్లిదండ్రుల గ్రూపు ఒకటి సరిపోతాయి. కోపం, సిగ్గు, ఎవరికీ చెప్పని అలసట ఉన్నవారు ముందు మారుపేరుతో రాసే చోటుకు వెళ్లడమే క్షేమం, ఎందుకంటే తొలి మాట ఎక్కడ పడుతుందన్నది తర్వాతి ఏళ్లను మార్చేస్తుంది.

అమెరికాలో ఉండి, ఒంగోలులోనో ఖమ్మంలోనో ఉన్న అన్న గురించి ఆలోచించేవారి పరిస్థితి రెండు గ్రూపుల మధ్య పడుతుంది. అక్కడి గ్రూపులో వారి ఇంటి సంగతి అర్థం కాదు, ఇక్కడి గ్రూపులో వారి దూరం అర్థం కాదు. పౌరసత్వం వచ్చాక తోబుట్టువును పిలిపించుకోవచ్చన్న ఆశ ఉంటుంది గాని, భారతీయులకు ఆ వీసా కోటాలో నిరీక్షణ పదిహేనేళ్లు దాటింది. అది తెలిసిన తోటి ప్రవాసులు ముగ్గురు నలుగురు వారాంతంలో కలుసుకోవడం వారికి మేలు. మధ్యలో ఇక్కడి గార్డియన్‌షిప్ కాగితాల కోసం ఊళ్లో ఉన్న ఒక తోబుట్టువును కూడా కలుపుకోవాలి.

పదమూడేళ్లలోపు పిల్లలకు, బ్రిటన్‌లోని యంగ్‌సిబ్స్ తప్ప, వీటిలో ఏదీ తగదు. ఫేస్‌బుక్ కూడా ఆ వయసువారికి కాదు. డాన్ మేయర్ రూపొందించిన సిబ్‌షాప్‌లు 8 నుంచి 13 ఏళ్లవారి కోసం ఆటలతో, ముఖాముఖిగా నడుస్తాయి. అటువంటిది దగ్గరలో లేకపోతే, నెలకోసారి అన్నను ఎవరికైనా అప్పగించి ఆ పిల్లనొక్కదాన్నే పార్కుకు తీసుకెళ్లడం గ్రూపు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

చచ్చిపోవాలనిపిస్తున్నప్పుడు, లేదా తోబుట్టువును ఏమైనా చేసేస్తానేమోనని భయం వేస్తున్నప్పుడు గ్రూపులో పోస్టు పెట్టి జవాబు కోసం చూస్తూ కూర్చోకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

వదిలి వచ్చేటప్పుడు

గ్రూపు నచ్చకపోతే చెప్పకుండా రావచ్చు. వాట్సాప్‌లో మీరు బయటికి వెళ్లినట్టు అడ్మిన్లకు మాత్రమే కబురు వెళ్తుంది, వెళ్లినవారి జాబితా అరవై రోజులు కనిపిస్తుంది. అందరి ఫోన్లలోంచి మెసేజ్ తొలగించడానికి ఇప్పుడు దొరికే గడువు రెండున్నర రోజులు. అప్పట్లో అంత గడువు ఉండేది కాదు, తొలగించవచ్చన్న సంగతే నాకు తెలియదు. ఏడేళ్ల కిందట నేను రాసిన వాక్యం, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, ఆ 240 మందిలో ఫోన్ మార్చనివారి దగ్గర ఇంకా ఉండే ఉంటాయి.